పెట్టెలో పట్టని పేరు

మంజీర పొంగి సాలూర వంతెన మీదుగా నీళ్ళు పారిన ఏడాదికి అది రెండో ఏడు. సంవత్సరం అంకె నాకు గుర్తుండదు, వరద గుర్తుంటుంది. ఆ నీళ్ళు తీసిన నెలకు నా మేనకోడలు శ్యామల మగడు ముత్యం కామెర్లతో పోయాడు. శ్యామల బిడ్డను వెంటబెట్టుకుని, ఎడపల్లిలోని అత్తగారింటి నుంచి నిజామాబాద్‌లో తల్లి ఇంటికి వచ్చేసింది. ఆ బిడ్డ పేరు అఖిల. శ్యామల తల్లి భూమవ్వ నా చెల్లెలు. నా ఇల్లూ అదే గల్లీలో. నా భార్య పోయినప్పటి నుంచి నా తిండి చెల్లెలి ఇంట్లోనే.

ఆ ఏడే భీవండి వాళ్ళు శ్యామలను చూసుకోవడానికి వచ్చారు. పెళ్ళికొడుకు మార్కండేయ కూడా భార్య పోయినవాడే. మరమగ్గాల మెకానిక్కు. మాట నెమ్మది. వాడి తల్లికి అఖిల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ఈ పిల్ల ఎవలు?" అని ఆమె అడిగింది. శ్యామల అప్పుడు లోపలి గదిలో ఉంది. శ్యామల అన్న ఆత్మారాం "పక్కింటోళ్ళ పిల్ల" అన్నాడు.

వాళ్ళు చాయ తాగి లేచారు. గల్లీ మలుపు తిరగకముందే ఎవరో నిజం చెప్పేశారు. బస్టాండ్ నుంచే ఫోన్ చేశారు. "పిల్లున్నందుకు కాదు, దాసినందుకు వద్దంటున్నం" అన్నారు.

అప్పటికి అఖిల ఇంట్లో లేదు. వెతికితే పక్కింట్లో దొరికింది. వాళ్ళ పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళ పళ్ళెంలో అన్నం తింటోంది. శ్యామల పోయి చెయ్యి పట్టుకుంటే లేవలేదు.

"నేను గీ ఇంటి పిల్లను గద. మామ చెప్పిండు," అంది.

శ్యామల ఏడవలేదు. బిడ్డ తినేదాకా గడప దగ్గర నిలబడింది. ఆ పళ్ళెం తనే కడిగి పక్కింటామెకు ఇచ్చి, బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆత్మారాం తన బట్టల దుకాణానికి పోయి, షట్టర్ సగం దించి లోపలే కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున శ్యామల తలకు పోసుకుని బయటికి వచ్చింది. "అన్నా, నెట్‌కు పోదాం నడువ్," అంది ఆత్మారాంతో.

"ఎందుకు?"

"నా గురించి రాసింది మార్చాలె."

కులసంఘం వాళ్ళు కంప్యూటర్‌లో సంబంధాలు పెడతారు. భీవండి, సోలాపూర్, సూరత్, మనవాళ్ళు ఎక్కడున్నా అందులో చూసుకుంటారు. ఊరు, గోత్రం, వయసు, వేటి గడి వాటిదే. ఇక పిల్ల గురించి నాలుగు మాటలు రాసేందుకు ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలో రెండు వందల అక్షరాలే పడతాయి. భీవండి వాళ్ళు వచ్చింది ఆ పెట్టెలో రాత చూసే. అది రాయించింది ఆత్మారాం. అందులో అఖిల లేదు.

నలుగురం పోయాం. భూమవ్వ రానంటూనే చెప్పులు వేసుకుంది. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు.

దేవిదాస్ నెట్ సెంటర్ బస్టాండ్ వెనక ఉంటుంది. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. మనిషిది దెగ్లూర్ వైపు. తెలుగు బాగానే వచ్చు, కాని మనుషులను మాత్రం మరాఠీలోనే కూర్చోమంటాడు.

"యా, బసా, మావశీ. ఏమైంది, సంబంధం కుదిరిందా?"

"కుదిరితే నీ దగ్గరికెందుకొస్తం," అంది భూమవ్వ.

దేవిదాస్ పెట్టె తెరిచాడు. మూడో తరగతి చదువుతో నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. విఠల్ మనవరాలు. లక్ష్మీరాజం కూతురు. బ్యాంకు బాపురావు మరదలు. బట్టల షాపు ఆత్మారాం చెల్లెలు. రాజనర్సు మేనకోడలు. ఆ రాజనర్సు నేనే. మనుషుల పేర్లే సగం పెట్టె దాకా వచ్చాయి. ఆ తర్వాతే శ్యామల గురించి. పది పాసైంది, మిషన్ కుట్టడం వచ్చు, భర్త లేరు, ఇంటిపనులు, వంట బాగా వచ్చు.

పెట్టె మూలకు ఒక అంకె ఉంది. ఇంకా ఎన్ని అక్షరాలు పడతాయో అది చెబుతుంది. ఇప్పుడు ఒకటి ఉంది.

"ఒకటి మిగిలింది," అన్నాడు దేవిదాస్. "ఒక చుక్క పెట్టుకోవచ్చు. ఏం చుక్క పెడ్తరో పెట్టుండ్రి."

"నాకు ఏడేళ్ళ పాప ఉంది. పాప నాతోనే ఉంటుంది. ఇది రాయాలె," అంది శ్యామల.

పక్క కంప్యూటర్ ముందున్న మనిషి ఒకసారి మా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"జాగ లేదు గద," అన్నాడు ఆత్మారాం.

"జాగ చెయ్యి."

"ఎట్ల చెయ్యాలె? గిదేమన్న మన వాకిలా, ఇంకో మంచమేస్తందుకు?"

"ముచ్చట్ల చెప్పుకుందాం బిడ్డా," అంది భూమవ్వ. "ఆల్లు వచ్చినంక, కూసున్నంక, మెల్లగ చెప్తం. రాతలెందుకు?"

"ముచ్చట్ల చెప్తమనే గదనే అవ్వా, పక్కింటోళ్ళ పిల్లను చేసిండ్రు."

ఆత్మారాం నేల చూశాడు. "నోట్లకెళ్ళి వచ్చింది. నేనేమన్న కావాల్నని అన్ననా? ఆ ముసల్ది గట్ల సూసేసరికి..."

"అది సరే. ఇప్పుడు రాయమను."

ఆత్మారాం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. తండ్రి పోయాక ఇంటిని లాక్కొస్తున్నది వాడే. చెల్లెలు ముప్పై దాటకుండానే ఒంటరిదైందని వాడి బాధ వాడికి ఉంది.

"నా మాట వినవే. పాప ఉన్నదని రాస్తే పదిమంది సూసే కాడ ఒక్కడు సూస్తడు. ఆ ఒక్కడు యాభై ఏండ్లోడు. ఫస్ట్ ఒప్పుకోనీ. పాప ఇక్కడ అవ్వ దగ్గరుంటది. నేను సదివిపిస్త. నా పిల్లల్ల ఒక పిల్ల."

"పక్కింటోళ్ళ పిల్ల," అంది శ్యామల.

భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆత్మారాం మళ్ళీ ఆ మాట జోలికి పోలేదు.

"ఇంకోటి ఆలోచించినవా? నాతోనే ఉంటదని నలుగురు సూసేటట్టు రాస్తే ఎడపల్లోళ్ళు ఊకుంటరా? అఖిలది ఆల్ల ఇంటి పేరు. ఇన్నొద్దులు ఏమనలేదు, ఇక్కడ తల్లిగారింట్ల ఉందని. భీవండి పంపుతరా ఆల్లు, ముత్యం బిడ్డను?"

"అడిగితె నేను మాట్లాడ్త. ముందుగాల నా బిడ్డ నా బిడ్డేనని రాయండి."

దేవిదాస్ వేళ్ళు బల్ల మీద ఆడించాడు. "అరే బాబా, టైం నడుస్తుంది. ఏం తీయాలె, ఏం పెట్టాలె, చెప్పుండ్రి. మెషిన్‌కు మీ పంచాయతీ తెల్వది. లెక్కనే తెలుస్తది."

"వంట బాగా వచ్చన్నది తీసెయ్," అంది శ్యామల.

"వంట తీస్తే ఎట్లనే?" అంది భూమవ్వ.

"వంట రాదని రాస్తలేను గద. తిన్నంక తెలుస్తది."

దేవిదాస్ నవ్వి, నొక్కాడు. ఇంటిపనులు, వంట పోయాయి. మూల అంకె పెరిగింది. నాకు ఏడేళ్ళ పాప ఉంది అని కొట్టాడు. అంకె మళ్ళీ తగ్గి ఆరు దగ్గర ఆగింది.

"మొదటి ముక్క పట్టింది. రెండోదానికి సాలదు. ఆరే ఉన్నయ్."

"ఆరైతె పాప నాతో అనన్న పడ్తది గద," అంది భూమవ్వ. మనసు కొంచెం మెత్తబడ్డట్టుంది.

"పడదు మావశీ. గుణింతానికి ఒకటి, ఒత్తుకు ఒకటి, మాటకు మాటకు నడిమిట్ల సందుకు ఒకటి."

"ఏం రాయని సందుకు గూడ లెక్కనా?"

"దానికి గూడ."

"సాలు అన్నా. పాప ఉందని రాసినం గద, ఇగ పంపు," అన్నాడు ఆత్మారాం దేవిదాస్‌తో.

"పంపకు," అంది శ్యామల. "పాప ఉంది అంటే ఏడ ఉంది? అవ్వ దగ్గరుంటదనుకుంటరు. వచ్చినంక మల్ల గదే లొల్లి. రెండో ముక్క పడాల్సిందే. పేర్లు తీయి."

అక్కడ ఆగాల్సి వచ్చింది.

ఈ పేర్ల సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. మా దగ్గర పెళ్ళి కార్డు వేస్తే పెద్దల పేర్లన్నీ వరసగా పడాలి. ఒక్క పేరు జారినా ఆ ఇంటివాళ్ళు పెళ్ళికి రారు. తరవాత చావుకూ రారు. ఆత్మారాం ఆ కంప్యూటర్ పెట్టెనూ కార్డు లాగే నింపాడు. మొదటిసారి ఐదు పేర్లకూ ముందు శ్రీ, వెనక గారు పెట్టించాడట. పెట్టె పట్టక అవన్నీ తీసేయాల్సి వచ్చింది. తన పేరుకు శ్రీ లేదని పెద్దల్లుడు బాపురావు చాలా రోజులు ఫోన్ ఎత్తలేదు. పుణెలో ఉంటాడు. శ్యామల అక్క అతని భార్య.

"ఎవలిది తీద్దాం, నువ్వే చెప్పు," అన్నాడు ఆత్మారాం. "తాతది తీద్దామా? భీవండిల ముసలోళ్ళు మనలను గుర్తువట్టేదే విఠల్ పేరు మీద. బాపు లక్ష్మీరాజంది తీద్దామా?"

"బాపుది వద్దు."

"బాపురావు బావది తీస్తె అక్కను ఏమంటడో నీకెరుకే. శ్రీ తీసినందుకే అక్క ఎన్ని మాటలు పడ్డదో. నాది తీస్తె వచ్చినోడు ఎవలితోని మాట్లాడాలె?"

శ్యామల తెర వైపు చూస్తోంది.

"ఇగ మిగిలింది మామ పేరు." ఆత్మారాం వేలు తెర మీద, నా పేరు దగ్గర పెట్టాడు. "మామ ఇక్కడే కూసున్నడు. ముసలోడు, సల్లగ బతికున్నోడు. తీస్తవా? తీయమని నీ నోటితోని చెప్పు. దేవిదాస్ తీస్తడు."

ఆమె నోట ఆ మాట రాదని వాడికి తెలుసు. మా దగ్గర మేనమామ పేరు లేని కార్డుకు రెండే అర్థాలు. మేనమామ చచ్చిపోయి ఉండాలి, లేకపోతే ఆ ఇంటితో తెంచుకుని ఉండాలి. ఆడపిల్లకు తండ్రి లేనప్పుడు మరీను. శ్యామల ఒకసారి నా ముఖం చూసింది.

"ఆ పేరు తీసెయ్," అన్నాను.

దేవిదాస్ నా వైపు తిరిగాడు. "ఏది కాకా?"

"రాజనర్సుది."

"అన్నా!" భూమవ్వ లేచి నిలబడింది. "బతికుండంగ పేరు తీస్తరా? నోరు జారిందను. తూ అను అన్నా."

"కార్డు కాదు గదనే. కంప్యూటర్."

"ఏదైతేంది? సూసెటోళ్ళు ఏమనుకుంటరు? మేనమామ ఇడిసిపెట్టిండనుకుంటరు."

"అనుకోనీ."

ఆత్మారాం ముఖం మాడిపోయింది. "మామా, నేను మాటకన్న. నువ్వు నిజంగ పట్టుకుంటివి."

దేవిదాస్ ఆగాడు, మా నలుగురినీ చూశాడు. ఒక్కో మీటకు ఒక్కో అక్షరం వెనక నుంచి పోయింది. మేనకోడలు ముందు పోయింది. ఆ తరవాత నర్సు, జ, రా. పాప నాతోనే ఉంటుంది అన్నది ఆ జాగలోకి వచ్చింది. శ్యామల దాన్ని పైకి చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది.

"ఐదు మిగిలినయ్," అన్నాడు దేవిదాస్. మా మనసులు బరువెక్కాయని వాడికీ తెలిసినట్టుంది, తేలిక చేద్దామనుకున్నాడు. "సందుతోని కలిపి ఒక శ్రీ పడ్తది. ఎవలికన్న పెట్టాల్నా?"

"బాపురావు బావకు పెట్టు," అన్నాడు ఆత్మారాం.

పెట్టాడు. పంపాడు.

ఆ మధ్యాహ్నం భూమవ్వ నాకు అన్నం పెట్టింది. కూర వేయడం మరిచిపోయింది. నేను అడగలేదు, ఉప్పు కలుపుకుని తిన్నాను. అఖిల వచ్చి, "తాతా, కూర లేకుంట తింటున్నవేంది?" అని గిన్నె తెచ్చి పెట్టింది.

మంగళవారం పొద్దుగూకే వేళ ఆత్మారాం ఫోన్ మోగింది. ఎడపల్లి నుంచి. శ్యామల మామ నర్సన్న. కొడుకు ముత్యం దినాలు అయినప్పటి నుంచి ఆయన మాకు ఫోన్ చేసింది రెండుసార్లే, రెండుసార్లూ పండగలకు పాపను పంపమని. ఆత్మారాం అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టి ఫోన్ గట్టు మీద ఉంచాడు.

"మా తుకారాంకు సంబంధాలు సూస్తున్నం," అన్నాడు నర్సన్న. తుకారాం ఆయన చిన్నకొడుకు. "బోధన్‌ల నెట్‌ల కూసుంటె నీ చెల్లె ఫోటో వచ్చింది. సదివి ఇనిపిచ్చిండు."

"అవ్ నర్సన్న మామా. మీకు చెప్దామనే..."

"పాప నాతోనే ఉంటది అని రాసిండ్రు. ఎవలనడిగి రాసిండ్రు?"

శ్యామల ఫోన్ దగ్గరికి వంగింది. "నేను రాయించిన మామా. తల్లి దగ్గర బిడ్డ ఉంటదని రాస్తందుకు ఎవల్నడగాలె?"

"నీతోని కాదమ్మా మాట. నువ్వు ఏడనన్న మంచిగ బతుకు, నేను వద్దంటలేను. పిల్ల ముచ్చట వేరే. అండ్ల మేనమామ పేరేది?"

శ్యామల నా వైపు చూసింది.

"తుకారాంతోని రెండుసార్లు సదివిచ్చిన. తాత ఉన్నడు, తండ్రి ఉన్నడు, అన్న ఉన్నడు, బావ ఉన్నడు. రాజనర్సు లేడు. నీకు తండ్రి లేకపాయె. మేనమామ ఉన్నడు గదాని నా మనవరాలిని ఆడ ఇడిసిన. ఇప్పుడు ఆయన గూడ తెంపుకున్నంక, నా పిల్లకు ఆ ఇంట్ల ఎవలున్నట్టు?"

"అట్లేం లేదు మామా," అన్నాడు ఆత్మారాం. "జాగ సాలలేదు. ఆ పెట్టెల రెండు నూర్ల అచ్చరాలే..."

"జాగ సాలలేదా? బాపురావుకు శ్రీ పెట్టెటందుకు దొర్కిందే జాగ, మేనమామకు దొర్కలేదా?"

నేను ఫోన్ దగ్గరికి జరిగాను.

"నేను ఇక్కడే ఉన్న బావా," అన్నాను.

"నువ్వు అన్నం తినే ఇల్లు అది. ఉంటవు," అన్నాడు నర్సన్న. "రేపు పొద్దుగాల ఆటో మాట్లాడుకుని వస్తున్నం. నలుగురు పెద్దమనుషులను తెస్తున్నం. పిల్ల బట్టలు సర్ది ఉంచుండ్రి."

ఫోన్ పెట్టేశాడు.

"సూసినవా మామా?" ఆత్మారాం గొంతు లేచింది. "సూసినవా? మంచి చేద్దామని పేరు తీపిస్తివి. ఇప్పుడు ఆల్ల చేతుల కట్టె పెడ్తివి."

"మామ చేసింది కాదది," అంది శ్యామల. "అడిగింది నేను. శ్రీ పెట్టించింది నువ్వు."

"సరే, నేనే. అందరికి నేనే చెడ్డోన్ని. రేపు దేవిదాస్ దుకాణం తీయంగనే పోదాం. ఆ నాతోనే ఉంటుంది అన్న ముక్క తీసేద్దాం, మామ పేరు మల్ల పెడ్దాం. ఆల్లు సల్లవడ్తరు."

"తీయను."

"తాళమేసి ధర్మపురి పోదాం," అంది భూమవ్వ. "నాలుగొద్దులు ఆడనే ఉందాం."

"ఎన్నొద్దులు పోతవే అవ్వా? మల్ల రావాల్నా వద్దా?"

అఖిల తలుపు పక్కన నిలబడి అంతా వింటోంది. "నన్ను ఎవలు తీస్కపోతరు?" అని అడిగింది. నా దగ్గరికి వచ్చింది. నా కండువా కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి నేను లేచి ఇంటికి పోయాను.

మర్నాడు కోడి కూసినాక నీళ్ళు పోసుకున్నాను. ఉతికిన ధోతి కట్టుకుని చెల్లెలి ఇంటికి పోయాను. శ్యామల వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తోంది. రాత్రి నిద్రపోయిన ముఖం కాదు.

"పిల్లకు బట్టలెయ్యి," అన్నాను. "ఎడపల్లికి పోతున్నం, నేను, అది."

ముగ్గు గిన్నె ఆమె చేతిలోనే ఉంది. "ఆల్లే వస్తమనిరి గద మామా."

"ఆల్లు రాకముందే పోవాలె."

అప్పుడు ఆమెకు అర్థమైంది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చిన్నపిల్ల కానీ, కొత్తకోడలు కానీ, ఎవరు వెంటబెట్టుకుని వచ్చి దించితే మళ్ళీ వాళ్ళే వచ్చి వెంటబెట్టుకుని పోతారు. దించినవాడికి అడ్డం చెప్పరు. వాళ్ళు వచ్చి తీసుకుపోతే పిల్ల మీద మాట వాళ్ళది. నేను తోలుకుపోతే మాట నాది. అదీ నన్ను ఇంకా మేనమామ అనుకుంటేనే. అనుకోకపోతే, పిల్లను నా చేతులతో నేనే అప్పజెప్పి వచ్చినట్టు.

శ్యామల నా ముఖం చాలాసేపు చూసింది.

"తిరిగి తెస్తవా?"

"తెస్త."

లోపలికి పోయి బిడ్డను లేపింది. తల దువ్వి రెండు జడలు వేసింది. ఇస్త్రీ గౌను వేసింది. భూమవ్వ సంచిలో ఇంకో జత బట్టలు పెడుతుంటే, శ్యామల వాటిని తీసి మళ్ళీ దండెం మీద వేసింది. "ఒంటి మీదియి సాలు," అంది. ఆత్మారాం దుప్పటి కప్పుకుని అరుగు మీదే ఉన్నాడు. లేచి వచ్చి అఖిల చేతిలో బిస్కెట్ పుడ పెట్టాడు. ఆ పిల్ల తీసుకుంది కాని మామ అనలేదు.

బోధన్ బస్సు దొరికింది. జానకంపేట దాటాక చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు మెల్లగా పోయింది. అఖిల కిటికీలో నుంచి చెయ్యి పెట్టి గడను అందుకుందామని చూసింది, అందలేదు. తన తండ్రి ఒకసారి అట్లాగే బస్సులో నుంచి గడ గుంజి ఇచ్చాడని చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. వరదకు ముందటి మాట అయి ఉండాలి.

ఎడపల్లిలో దిగి నడిచాం. నర్సన్న ఇంటి ముందు ఆటో నిలబడే ఉంది. ఇద్దరు పెద్దమనుషులు అప్పటికే అందులో కూర్చున్నారు. నర్సన్న కొత్త కండువా వేసుకుని మెట్లు దిగుతున్నాడు. వెనక ఆయన భార్య ముత్తవ్వ. పిల్లను చూడగానే ఆమె చేతిలో సంచి కింద పెట్టేసింది. అఖిల నా చెయ్యి వదిలి, "నానమ్మా" అంటూ ఉరికింది.

నర్సన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"పిల్లను తోలుకొచ్చిన బావా. నానమ్మ దగ్గర పగలంత ఉంటది. పొద్దుమీకి నేనే తోలుకపోత."

ఆటోలో ఉన్న పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళకు ఆ పద్ధతి తెలుసు. నర్సన్నకు ఇంకా బాగా తెలుసు.

"తోలుకొచ్చినోడే తోలుకపోవాలె. అవ్. అది సుట్టాలకు," అన్నాడు. "నువ్వేం సుట్టానివి?"

ముత్తవ్వ ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. నర్సన్న మెట్లు ఎక్కి తలుపు దగ్గరికి గుంజాడు. బయటి గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల నుంచి అఖిల "తాతా" అంది. ఇద్దరిలో ఎవరిని పిలిచిందో తెలియలేదు.

నేను చెప్పులు విడిచాను. కండువా దులిపి వాళ్ళ అరుగు మీద పరిచి, కూర్చున్నాను.